అప్పటి జీతం, ఇప్పటి ఫీజు

కూర్చో ముందు. టీ పెట్టాను, అల్లం కాస్త ఎక్కువే దంచి వేశాను. ఈ అరిజోనా చాండ్లర్ ఎండ ఎంత మండిపోతున్నా మధ్యాహ్నం మూడయ్యేసరికి మనకు టీ పడాల్సిందే కదా. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. కాలేజీ నుంచి వచ్చిన మెయిలు పొద్దుటి నుంచి ఎన్నిసార్లు తెరిచి చూశావో నీ ముఖమే చెబుతోంది.

పిల్లకు సీటొచ్చిన రోజున స్వీట్లు పంచుకున్నాం. నెల తిరక్కుండా ఎయిడ్ ఆఫర్ వచ్చింది. గ్రాంటు ఉండాల్సిన చోట ఏమీ లేదు. మొదటి ఏడాదికి పిల్ల పేరు మీద 5,500 డాలర్ల లోను, మిగతాదంతా మీరే చూసుకోండి అని లెక్క తేల్చారు. మామూలు రోజుల్లో అయితే ఎలాగో సర్దుకునేవాళ్ళం. కానీ మీ ఆయన ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు దాటింది, ఇంటి లోను కడుతున్నది దాచుకున్న డబ్బులోంచి. ఈ సంగతి కాలేజీకి తెలియదా? తెలిసీ ఇంతేనా? ఇదే కదా నిన్ను తినేస్తున్నది?

తెలియదమ్మా. నిజంగానే తెలియదు.

కాలేజీ సాయం కోసం మనం నింపే ఫాఫ్సా ఫారం రెండేళ్ళ వెనకటి ఆదాయం చూస్తుంది. 2026-27 చదువుకి 2024 టాక్స్ రిటర్న్. మనం ఒప్పుకుంటున్నామని నొక్కగానే ఆ అంకెలు ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా వెళ్ళిపోతాయి. 2024లో ఆయన జీతం నిండుగా ఉంది, బోనసు వచ్చింది, కంపెనీ షేర్లు, అవే ఆర్‌ఎస్‌యూలు, చేతికొచ్చాయి. అవన్నీ కలిపి స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అనే ఒక అంకె తీస్తారు. అది ఎంత తగ్గితే సాయం అంత పెరుగుతుంది, మైనస్ 1,500 దాకా దిగుతుంది. నీకొచ్చిన అంకె 2024లో ఉన్న మీ ఇంటిది. ఇప్పుడున్న ఇంటిది కాదు.

ఈ కష్టం మన ఊళ్ళో ఒక్క గడపకే వచ్చింది కాదు. ఇంటెల్ 1980 నుంచి చాండ్లర్‌లో ఉంది, ఆ చిప్ ఫ్యాబుల్ని నమ్ముకుని ఇళ్ళు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఎన్నో మనకు తెలుసు. 2024 ఆగస్టు 1న ఆ సంస్థ మొత్తం మీద పదిహేను వేల ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. 2025 వేసవిలో ఇంకో విడత నడిచింది, అప్పుడు చాండ్లర్‌లోనే వందల మందికి నోటీసులు అందాయి. చాండ్లర్ కేంద్రంగా ఉన్న మైక్రోచిప్ కూడా 2024 డిసెంబరులో పక్కనే టెంపీలో ఉన్న తన ఫ్యాబ్ మూసేస్తున్నట్టు చెప్పింది. 2024 చివర్లో ఉద్యోగం పోయినవాళ్ళకైతే మరో మెలిక ఉంది. సెవరెన్సు డబ్బు ఆ ఏడాదే అందితే జీతంతోపాటు కలిసిపోయి, ఉద్యోగం పోయిన ఏడాదే మిగతా ఏళ్ళకంటే బాగా సంపాదించినట్టు కాగితం మీద కనబడుతుంది. అన్యాయంగా అనిపించడం లేదూ? నాకూ అనిపిస్తుంది. అందుకే దీనికి విరుగుడు కూడా చట్టంలోనే పెట్టారు.

దాని పేరు ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్. మన పిల్లలు స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్ అప్పీల్ అంటారు. హయ్యర్ ఎడ్యుకేషన్ యాక్ట్‌లో 479ఏ అనే సెక్షన్ ఉంది. ఒక కుటుంబం పరిస్థితి మారిందని కాగితాలతో చూపిస్తే, ఫాఫ్సా లెక్కలోని అంకెల్ని సవరించే అధికారం కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు అది ఇస్తోంది. 2020 డిసెంబరులో వచ్చిన ఫాఫ్సా సింప్లిఫికేషన్ చట్టం దాన్ని ఇంకా బిగించింది. ఇలా అడగొచ్చని కాలేజీలు అందరికీ తెలిసేలా చెప్పాలి. మేమసలు ఇలాంటివి చూడమని గంపగుత్తగా తోసెయ్యకూడదు.

ఇప్పుడు అసలు ముల్లు దగ్గరికి వద్దాం. "అక్కా, అలా అడగడం చెయ్యి చాపినట్టు కాదా?" అన్నావు చూడు, ఆ మాటకే నాకు కడుపు తరుక్కుపోయింది. మనం పెరిగిన తీరు అది. లేదని బయటికి చెప్పుకోవడం మనకు రాదు. మారికోపా గణపతి గుడికి ఆదివారం వెళితే ఎవరడుగుతారోనని మీ ఆయన కారులోనే కూర్చుంటున్నాడని నాకు తెలియదనుకున్నావా? కానీ ఇన్నాళ్ళూ మీరు కట్టిన పన్నుల్లోంచి నడుస్తున్న ఏర్పాటే ఇది. ఇంట్లో నీళ్ళు రాకపోతే సిటీకి ఫోను చేస్తాం కదా, అప్పుడు సిగ్గుపడతామా? పైగా నువ్వు రాసింది ఆఫీసు దాటదు. పిల్లల కాలేజీ కాగితాలకు ఫెర్పా చట్టం కాపలా ఉంది. ఎంత గట్టి కాపలా అంటే, పిల్ల ఒప్పుకోకపోతే నీకే వివరాలు చెప్పరు.

అందుకే అప్పీల్ పిల్ల పేరు మీద వెళ్ళాలి. ఆఫీసుకు ఫోను చెయ్యాల్సింది కూడా తనే. నువ్వు పక్కన ఉండు, చాలు.

మొదట ఒక పొరపాటు చెయ్యకుండా చూసుకో. ఉద్యోగం పోయింది కదా అని ఫాఫ్సాలో సొంత అంచనాలు పెట్టేవాళ్ళున్నారు. వద్దు. అందులో 2024 అంకెలు 2024వే ఉండాలి. మార్చే పని కాలేజీది. అంకెలు సరిచూసే వెరిఫికేషన్‌కి ఎంపికయ్యారని మెయిలొచ్చి ఉంటే ముందు అది పూర్తి చెయ్యండి, అది తేలకుండా అప్పీల్ కదలదు. పిల్ల నాలుగు కాలేజీలకు పెట్టుకుంటే నాలుగింటికీ విడివిడిగా అడగాలి. అరిజోనా స్టేట్, అంటే ఏఎస్‌యూ, నిర్ణయం టూసాన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాకు వర్తించదు. ఒక్కోచోట ఒక్కో ఫారం, ఒక్కో గడువు.

ఇక కాగితాలు. కంపెనీ ఇచ్చిన టర్మినేషన్ లెటర్, అందులో తేదీ స్పష్టంగా కనబడాలి. చివరి పే స్టబ్, సెవరెన్సు వివరం, 2024 డబ్ల్యూ-2, టాక్స్ రిటర్న్. అన్ఎంప్లాయ్‌మెంట్ వస్తుంటే ఆ ఉత్తరం కూడా. అరిజోనాలో అది వారానికి 320 డాలర్లకు మించదు, ఆ ఒక్క కాగితం చూస్తేనే ఎయిడ్ ఆఫీసరుకి మన నెల ఎలా గడుస్తోందో అర్థమవుతుంది. వచ్చే పన్నెండు నెలల్లో ఎంత వస్తుందో అంచనా అడుగుతారు. నీ జీతం, ఆయన చేసే చిన్నాచితకా కాంట్రాక్టు పని, సెవరెన్సులో మిగిలింది, అన్నీ రాయి. ఏదీ దాచకు. ఇండియాలో మీ పేరున ఉన్న ఫ్లాటు, స్థలం కూడా ఫాఫ్సా దృష్టిలో ఆస్తే. ఇక్కడ మనం ఉంటున్న ఇల్లు, రిటైర్మెంట్ ఖాతాలు అందులో లెక్కలోకి రావు. హైదరాబాదు శివార్లలోని ప్లాటు మాత్రం వస్తుంది. అక్కడున్నది వీళ్ళకేం తెలుస్తుందిలే అని ఎవరైనా సలహా ఇస్తే వినకు. నిజం మన పక్కన ఉన్నప్పుడే గొంతు వణకదు.

ఉత్తరం ఒక్క పేజీ చాలు. నాకు తెలిసిన ఒకావిడ మూడు పేజీలు రాసింది. పిల్లవాడి మార్కులు, రోబోటిక్స్ మెడల్సు, తాము ఇండియా నుంచి వచ్చి పడ్డ కష్టాలు, అన్నీ ఉన్నాయి. ఉద్యోగం పోయిన తేదీ ఒక్కటే లేదు! ఇద్దరం కూర్చుని తిరగరాశాం. ఫలానా తేదీన మా నాన్న ఉద్యోగం పోయింది, 2024లో ఇంటి ఆదాయం ఇంత, రాబోయే ఏడాది ఇంత, రుజువులు జత చేశాం, మా ఎయిడ్‌ని మళ్ళీ పరిశీలించమని కోరుతున్నాను. అంతే. చదివే మనిషి బల్ల మీద ఇలాంటివి వందలుంటాయి, వాళ్ళకు కావలసింది తేదీ, అంకె, కాగితం. చివర్లో ఒక థాంక్యూ మాత్రం మరిచిపోవద్దు.

ఉద్యోగమొక్కటే కారణం కానక్కర్లేదు. ఇన్సూరెన్సు కట్టని ఆసుపత్రి ఖర్చులు, ఇంట్లో ఒకరికి వచ్చిన వైకల్యం, ఫాఫ్సా వేశాక జరిగిన విడాకులు, ఇంటిపెద్ద పోవడం, ఇవన్నీ వినిపించదగ్గవే. షేర్లు అమ్మడం వల్ల ఆ ఒక్క ఏడాదే ఆదాయం ఉబ్బిపోయిందా? అదీ చెప్పొచ్చు. ఊళ్ళో అమ్మానాన్నల మందులకు నెలనెలా పంపే డబ్బుకు బ్యాంకు రసీదులుంటే అవీ జత చెయ్యి, ఒప్పుకోవడం ఆఫీసు ఇష్టం. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే పాత లెక్కలో భారం ఇద్దరి మధ్యా పంచేవారు. 2024-25 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు, అదీ నోరు తెరిచి చెప్పాల్సిందే. క్రెడిట్ కార్డు బాకీ, కారు వాయిదా మాత్రం సాధారణంగా వినరు.

"మేమింకా వీసా మీదే ఉన్నాం కదా, మాకు హక్కుందా?" అని నెమ్మదిగా అడిగావు. పిల్ల ఇక్కడ పుట్టిందా? అయితే ఉంది. ఫాఫ్సా చూసేది పిల్ల పౌరసత్వం, తల్లిదండ్రుల వీసా కాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లి కూడా ఫాఫ్సా కోసం తన ఖాతా తెరుచుకోవచ్చు. హెచ్4 మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం రాదు. వాళ్ళ కోసం కాలేజీ సొంత స్కాలర్‌షిప్పుల సంగతి విడిగా అడగాలి. ఉద్యోగం పోయిన కొత్తలో వీసా తాలూకు అరవై రోజుల గడువు తలమీద కత్తిలా వేలాడిన ఇంట్లో ఫీజు సంగతి ఆలోచించే ఓపిక ఎక్కడ మిగులుతుంది, నాకు తెలుసు. అందుకే ఈ పని నేను పక్కన కూర్చుని చేయిస్తానంటున్నాను.

అప్పీల్ ఒప్పుకుంటే ఏం మారుతుంది? ఇండెక్స్ బాగా తగ్గితే ఫెడరల్ పెల్ గ్రాంటు రావచ్చు, ఏడాదికి గరిష్ఠంగా 7,395 డాలర్లు, తిరిగి కట్టక్కర్లేదు. పెల్ వస్తే, పిల్లకు తగిన జీపీఏ ఉంటే, మన రాష్ట్రంలోని మూడు ప్రభుత్వ యూనివర్సిటీల్లో అరిజోనా ప్రామిస్ సాయానికీ దారి పడుతుంది. పెల్ దాకా దిగకపోయినా ఆ 5,500 లోనులో 3,500 వరకు చదువుతున్నన్నాళ్ళూ వడ్డీ పడని రకంగా మారొచ్చు. చిన్నదే అనుకుంటావేమో, నాలుగేళ్ళ వడ్డీ కలిపి చూడు.

ఒకవేళ కాదన్నారే అనుకో. ఆ కాలేజీ మాటే ఆఖరిది, ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేసినా తిరగదు. కొత్త కాగితం దొరికితే మళ్ళీ అడగొచ్చు. ఫీజు వాయిదాల్లో కట్టే ఏర్పాటు ఉందేమో కనుక్కోవచ్చు. ఆదరాబాదరాగా తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే పేరెంట్ ప్లస్ లోను మాత్రం తీసుకోకు. 2026 జులై నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకు దానికీ ఏడాదికి 20,000, ఒక్కో పిల్లకు మొత్తం 65,000 డాలర్ల హద్దు పెట్టారు. మన పీకాస్ రోడ్డు మీదే చాండ్లర్-గిల్బర్ట్ కమ్యూనిటీ కాలేజీ ఉంది, రెండేళ్ళు అక్కడ చదివి ఏఎస్‌యూకి మారిన పిల్లలు మనకు తెలిసినవాళ్ళలోనే ఎంతమంది! నలుగురూ ఏమనుకుంటారో అన్న మాట నా దగ్గర ఎత్తకు. ఫీజు ఆ నలుగురూ కట్టరు.

ఇంకొక్క సంగతి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. పిల్లకు అసలు విషయం చెప్పారా? చెప్పలేదు కదూ. గోడకవతల అమ్మానాన్నల గుసగుసలు విని, తనకిష్టమైన కాలేజీ తనే మానుకుని, "నాకు అదంత నచ్చలేదులే అమ్మా" అని అబద్ధమాడే పిల్లలున్నారు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, తట్టుకోగలదు. అన్నం దగ్గర ముగ్గురూ కూర్చుని, ఆయన నోటితోనే చెప్పించు. ఉద్యోగం పోవడం తన తప్పు కాదని ఆయనకూ ఒకసారి గట్టిగా వినబడాలి.

టీ చల్లారిపోయింది, ఇంకో కప్పు పోస్తాను ఉండు. ఈ రాత్రికి ఆ టర్మినేషన్ లెటర్ ఎక్కడ పెట్టారో వెతికి పెట్టు. మే 1 లోగా చాలా కాలేజీలకు మన నిర్ణయం చెప్పాలి, కాబట్టి ప్రతి రోజూ విలువైనదే. రేపు పొద్దున ఎయిడ్ ఆఫీసు తెరవగానే పిల్ల చేత ఫోను చేయించి, స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్ ఫారం కావాలని అడగమను. ఆ ఫారం రాగానే నాకు చెప్పు, వచ్చేస్తాను.