కొబ్బరి నూనెలో ఏముంది? – లారిక్ ఆమ్లం గురించి తెలుసుకుందాం

దివిసీమలోను, బందరు, గుడివాడ ప్రాంతాల్లోను కొబ్బరి నూనె సీసా లేని ఇల్లు అరుదు. తలకు రాసుకుంటాం, పసిపిల్లల ఒంటికి పట్టిస్తాం. అయితే ఈ మధ్య కొందరు దీన్ని మందుగా తాగడం మొదలుపెట్టారు. "రోజూ పరగడుపున రెండు చెంచాలు తాగితే షుగరు, గుండెజబ్బు పోతాయట, నిజమేనా?" అని మమ్మల్ని అడుగుతున్నారు. దీనికి జవాబు తెలియాలంటే ముందు ఆ నూనె తయారైన తీరు తెలుసుకోవాలి.

గొలుసు పొడవును బట్టి గుణం

ఏ నూనెలోనైనా కొవ్వు ఆమ్లాలు మూడేసి చొప్పున ఒక్కొక్క గ్లిజరిన్ అణువుకు అతుక్కుని ఉంటాయి. కొవ్వు ఆమ్లం అంటే పూసల దండలా వరుసగా పేర్చిన కార్బన్ పరమాణువుల గొలుసు. 6 నుండి 12 కార్బన్లు ఉంటే మధ్యస్థ గొలుసు అంటారు. 8 కార్బన్లది కాప్రిలిక్ ఆమ్లం, 10 కార్బన్లది కాప్రిక్ ఆమ్లం, 12 కార్బన్లది లారిక్ ఆమ్లం. మొదటి రెండు మేకపాలలోనూ ఉంటాయి. లాటిన్ భాషలో మేకను 'కాప్రా' అంటారు, అందుకే వాటికి ఆ పేర్లు.

గొలుసు పొడవు పెరిగేకొద్దీ ఆమ్లం కరగడానికి ఎక్కువ వేడి కావాలి. కాప్రిలిక్ ఆమ్లం సుమారు 16 డిగ్రీల సెల్సియస్ వద్ద, కాప్రిక్ ఆమ్లం 31 వద్ద, లారిక్ ఆమ్లం 44 వద్ద కరుగుతాయి. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలు రెండూ కలిపినా ఏడో వంతుకు మించవు. ఇవన్నీ గ్లిజరిన్‌తో కలిసి ఉన్న నూనె సుమారు 24 డిగ్రీల వద్ద కరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారేసరికి సీసాలో నూనె పేరుకుని ఉండేది ఇందుకే. అది కల్తీ కాదు.

ఉప్పునీటిలో నురుగు

లారిక్ ఆమ్లం కాస్టిక్ సోడాతో కలిస్తే సబ్బు అవుతుంది. మామూలు సబ్బు ఉప్పునీటిలో సరిగా కరగదు, నురుగు రాదు. కొబ్బరి నూనె సబ్బు గొలుసు చిన్నది కనుక ఉప్పునీటిలో కూడా నురుగునిస్తుంది. పూర్వం ఓడల్లో సముద్రపు నీటితో స్నానానికి ఇలాంటి సబ్బే వాడేవారు. బోరునీరు ఉప్పగా ఉండే నాగాయలంక, కోడూరు వైపు కుటుంబాలకు ఇది పనికివచ్చే విషయం.

లారిక్ ఆమ్లం నుండే సోడియం లారిల్ సల్ఫేట్ కూడా తయారు చేయవచ్చు. చాలా షాంపూల్లో, టూత్‌పేస్టుల్లో నురుగు దీనివల్లే. తరచూ నోటిపూత వచ్చేవారు ఇది లేని పేస్టు వాడి చూడవచ్చు.

తాగితే మేలా?

8, 10 కార్బన్ల ఆమ్లాలు పేగు నుండి రక్తం ద్వారా నేరుగా కాలేయానికి చేరి త్వరగా శక్తినిస్తాయి. వాటికి పైత్యరసం అవసరం తక్కువ. ఆ రెండింటినీ వేరుచేసి, మళ్లీ గ్లిజరిన్‌తో కలిపి ఎం.సి.టి. నూనె తయారు చేస్తారు. కొవ్వు అరగని రోగులకు, పైత్యనాళం మూసుకుపోయిన శిశువులకు, మందులకు లొంగని మూర్ఛ ఉన్న కొందరు పిల్లలకు వైద్యులు దీన్ని కొలత ప్రకారం ఇస్తారు.

కాని కొబ్బరి నూనె, ఎం.సి.టి. నూనె ఒకటి కావు. లారిక్ ఆమ్లం ఎక్కువ భాగం పొడవు గొలుసు కొవ్వుల దారినే పోతుంది, రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. ఒక పెద్ద చెంచా కొబ్బరి నూనెలో సుమారు 12 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు సుమారు 22 గ్రాములు. అంటే రెండు చెంచాలతోనే హద్దు దాటిపోతుంది. లారిక్ ఆమ్లం నుండి వచ్చే మోనోలారిన్ ప్రయోగశాలలో కొన్ని సూక్ష్మక్రిములను చంపిన మాట నిజమే. అంతమాత్రాన నూనె తాగితే మనిషికి రోగం తగ్గుతుందని రుజువు కాలేదు.

పైపూతగా మాత్రం ఇది మంచిదే. పొడిబారిన చర్మానికి మెత్తదనం ఇస్తుంది. లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చొరబడి దానిలోని మాంసకృత్తులు పోకుండా కాపాడుతుందని 2003లో ప్రచురితమైన ఒక భారతీయ పరిశోధన చూపింది.

గుర్తుంచుకోండి

1. కొబ్బరి నూనెను నమ్ముకుని షుగరు, బి.పి., గుండె మాత్రలు మానవద్దు.

2. స్నానం చేయించేటప్పుడు పసిబిడ్డ ముక్కులో, గొంతులో ఏ నూనె చుక్కలూ వేయవద్దు. నూనె దగ్గు రప్పించకుండానే ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తెస్తుంది. బిడ్డ ప్రాణానికే అపాయం.

3. కాలిన గాయానికి వెంటనే నూనె రాయవద్దు. 20 నిమిషాలు చల్లని కుళాయి నీటి ధార కింద ఉంచి, ఆసుపత్రికి తీసుకురండి.

4. పచ్చడిలోనో కూరలోనో కొబ్బరి మితంగా తినడానికి చాలామందికి అభ్యంతరం లేదు. గుండెజబ్బు, అధిక కొలెస్ట్రాల్ ఉన్నవారు మాత్రం ఎంత తినవచ్చో డాక్టరును అడగండి.

మందు మార్చాలన్నా, మానాలన్నా ముందు మీ చీటీ తీసుకుని మా వద్దకు రండి. ఇరుగుపొరుగు ఇళ్లలో పసిబిడ్డలుంటే రెండో మాట వారికి తప్పక చెప్పండి.