మూలకణాల మార్పిడి: ఇంటివారు తెలుసుకోవలసినవి

క్యాన్సర్‌కు ఎక్కువ మోతాదులో మందులిచ్చినప్పుడు జబ్బు కణాలతోపాటు ఎముకల్లోని మూలుగ కూడా దెబ్బతింటుంది. మన రక్తం తయారయ్యేది అక్కడే. అందుకే మూలకణాలు ఇస్తారు. ఇది ఆపరేషన్ కాదు. రక్తం ఎక్కించినట్లే నరం ద్వారా ఎక్కిస్తారు. అవి రోగి నుండే ముందుగా తీసి భద్రపరచినవి కావచ్చు, దాత ఇచ్చినవి కావచ్చు. తోబుట్టువుల్లో ఒక్కొక్కరివి పూర్తిగా సరిపడే అవకాశం నాలుగింట ఒక వంతు.

కొత్త కణాలు కుదురుకోవడానికి సుమారు 2 నుండి 4 వారాలు పడుతుంది. రోగనిరోధక శక్తి పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది. కనుక ఇంటికి వచ్చాక కూడా:

* రోగిని ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.
* అప్పుడే వండిన ఆహారం పెట్టండి.
* జలుబు, దగ్గు ఉన్నవారు చూడడానికి వెళ్లవద్దు.
* జ్వరం 100.4 డిగ్రీలు వస్తే బిళ్ల వేసి తెల్లవారేదాకా ఆగవద్దు. అర్ధరాత్రయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.