చేతిలో ఒకటి

మొన్న మార్చిలో ఇంటికెళ్లినప్పుడు అమ్మతో పాటు మిర్చి కోతకి వెళ్లా. మాది దాచేపల్లి. రెంటచింతల మాకు దగ్గరే, కాబట్టి ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. కూలి కిలో లెక్కన ఇస్తారు. అమ్మ కోసిన కాయల్ని నాలుగు సార్లు కాటా వేశారు: 14, 11, 13, 9. రాసే ఆయన వేళ్ల మీద లెక్కేసి "37" అన్నాడు. అమ్మ సరే అంది. పక్కనే ఉన్న నేనూ తలూపా. రాత్రి స్నానాలు, భోజనాలు అయ్యాక అమ్మే ఉన్నట్టుండి, "ఒరే, నలభై ఏడు కదరా!" అంది. పది కిలోల కూలి పోయింది. మర్నాడు అడిగితే నిన్నటి చీటీ నిన్నే అయిపోయిందన్నారు.

అమ్మకి లెక్కలు రావనుకోకండి. పాల లెక్క, చీటీ లెక్క అన్నీ నోటితోనే చేస్తుంది. నేనేమో ఇంజనీరింగ్ మ్యాథ్స్ పాసైనవాణ్ణి. ఆ రాసే ఆయన కూడా మోసం చేశాడనుకోను, పొద్దుట్నుంచీ బస్తాలు మోస్తూనే ఉన్నాడు. ఒకట్ల స్థానం కూడితే 17. ఏడు వేసి, చేతిలో ఒకటి ఉంచుకోవాలి. ఆ ఒకటిని ముగ్గురం జారవిడిచాం.

ఒళ్లు వంచి పనిచేస్తే బుర్ర చురుగ్గా ఉంటుందని అందరూ అంటారు కదా, మరి మాకేమైంది? అదే వెతుక్కుంటూ చదివా.

మన బరువులో మెదడు 2 శాతమే, కానీ ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒంటి శక్తిలో దాదాపు 20 శాతం వాడేస్తుంది. ఓ మోస్తరుగా కష్టపడితే గుండె వేగం పెరిగి, మెదడుకి రక్తం ఎక్కువ అంది, మనిషి మేలుకున్నట్టు ఉంటాడు. అదే ఊపిరి అందనంత కష్టపడితే కథ మారుతుంది. రొప్పుతున్నప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో మెదడు రక్తనాళాలు సన్నబడతాయి, పెరిగిన రక్తప్రవాహం మళ్లీ తగ్గుతుంది. ఆర్నే డీట్రిచ్ అనే శాస్త్రవేత్త ఇంకో మాట అన్నారు. మెదడుకి ఉన్న వనరులు పరిమితం, కాళ్లూ చేతులూ కదిపే భాగాలు ఎక్కువ తీసుకుంటే నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కి కోత పడుతుందని. ఇది ఊహా సిద్ధాంతమే, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. కానీ చేతిలో ఒకటి ఉంచుకునే వర్కింగ్ మెమరీకి ఆ భాగం చాలా ముఖ్యం. చేతులు మాత్రం కాయలు కోస్తూనే ఉంటాయి, అందుకే బుర్ర మందగించిందని మనకే తెలీదు.

పైగా ఎండ. చెమట రూపంలో ఒంటి బరువులో 2 శాతం నీళ్లు పోతే ఏకాగ్రత దెబ్బతింటుందని చాలా పరిశోధనలు చూపించాయి. 50 కిలోల మనిషికి అది ఒక్క లీటరు. లాప్‌టాప్ వేడెక్కితే సీపీయూ తన వేగం తానే తగ్గించుకుంటుంది చూడండి, నాకు అదే గుర్తొచ్చింది.

ఇది ఆ పూటతో పోయేది కూడా కాకపోవచ్చు. 2019లో పారిస్ పరిశోధకులు 37 మంది క్రీడాకారుల్ని తీసుకుని, కొందరికి మూడు వారాలపాటు శిక్షణ దాదాపు 40 శాతం పెంచారు. వాళ్లు తర్వాత వచ్చే పెద్ద మొత్తం కన్నా ఇప్పుడే చేతికొచ్చే చిన్న మొత్తానికి మొగ్గారు. మిర్చి కోతలు మూడు వారాలతో అయిపోవు. మా అమ్మని స్కానర్‌లో పడుకోమని ఎవరూ అడగలేదనుకోండి.

అలాగని వ్యాయామం మంచిదన్న మాట అబద్ధం కాదు. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిచినవాళ్లకి జ్ఞాపకశక్తికి పనికొచ్చే హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. కానీ వాళ్లు నడిచింది ఓ నలభై నిమిషాలు, ఆ తర్వాత విశ్రాంతి.

నేనూ ఓ చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నా. 1935లో స్ట్రూప్ చేసిన పరీక్షే: "ఎరుపు" అనే మాట పచ్చరంగులో కనిపిస్తుంది, మాట కాదు రంగు చెప్పాలి. హాస్టల్ గ్రౌండ్‌లో ఆయాసం వచ్చేదాకా పరిగెత్తి వెంటనే చేస్తే తప్పుల మీద తప్పులు. నీళ్లు తాగి, ఇరవై నిమిషాలు కూర్చుని చేస్తే పరుగుకి ముందు కన్నా బాగా వచ్చింది. ఒక్కడి మీద చేసింది కాబట్టి దీన్ని రీసెర్చ్ అనను. ఇంకో సంగతి కూడా బయటపడింది. రంగుల పేర్లు ఇంగ్లీషులో ఉంటేనే నేను ఎక్కువ తికమకపడ్డా. తెలుగు మాటలు అడ్డం రాలేదు, ఎందుకంటే తెలుగు నేను అంత వేగంగా చదవలేను! సంపాదకులు క్షమించాలి.

కాటాకి ముందు నీళ్లు తాగి పది నిమిషాలు నీడన కూర్చోమని అమ్మకి ఫోన్ చేసి చెప్పా. "కూర్చుంటే ఆటో వెళ్లిపోద్ది నాయనా" అంది. కానీ తనే ఓ దారి కనిపెట్టింది. కాటా వేసిన ప్రతిసారీ అప్పటిదాకా అయిన మొత్తం పైకి చెప్పి రాయిస్తోంది: 14, 25, 38, 47. గుర్తుపెట్టుకోవాల్సింది ఎప్పుడూ ఒక్క అంకే. మా క్లాసులో దీన్ని ప్రిఫిక్స్ సమ్ అంటారు, నేర్చుకోడానికి మాకు ఒక లెక్చర్ పట్టింది.

కోతల చివరి రోజు అమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఇయ్యాల యాభై రెండురా. ఆఖరి కాటాకి ముందు నలభై ఒకటి."