కుడిచేతి గ్రిప్పు

అబ్బాయికి,

బండి గ్రిప్పులు ఇంటి దగ్గరే మార్చుకుంటానని అన్నావట. మార్చుకో. చేతకాని పనేం కాదు, పెద్దనాయన వద్దనడు. కానీ ఈ పనిలో ఎడమచెయ్యి ఒక ఎత్తు, కుడిచెయ్యి ఒక ఎత్తు. ఆ తేడా తెలిసి చేస్తే కాసేపటి పని, తెలియక చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

కళ్యాణదుర్గంలో రబ్బరు ఎక్కువ కాలం ఆగదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లా ఇది, మిగతా రోజులన్నీ ఎండే. సరిహద్దు దాటగానే కర్ణాటకలోని పావగడలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టింది ఈ ఎండను చూసే. అక్కడ పలకల మీద కరెంటయ్యే ఎండే ఇక్కడ బస్టాండు బయట పొద్దంతా నిలబెట్టిన బండి గ్రిప్పులను తినేస్తుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి కాచే పద్ధతి కనిపెట్టాకే అది వేడికి కరగకుండా, చలికి పెళుసెక్కకుండా నిలిచింది. అయినా అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఓజోనూ దాన్ని కొరుకుతూనే ఉంటాయి. అరచేతి చెమట, ఆయిలు చేతులు వాటికి తోడు. కొన్ని గ్రిప్పులు సన్నగా పగుళ్లిస్తాయి. కొన్ని జిగటెక్కి అరచేతికి నల్లగా అంటుకుంటాయి.

కుందుర్పి, శెట్టూరు వైపు నుంచి శెనక్కాయ మూటలతో, పాలక్యాన్లతో వచ్చే బండ్లను చూస్తే, అరిగిన గ్రిప్పు మీద పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగినవి కనిపిస్తాయి. ఎడమవైపైతే పోనీ అనుకోవచ్చు. కుడివైపు ఆ ముక్క జరిగి స్విచ్చుల డబ్బాకు ఒరుసుకుందంటే ఎక్సలేటర్ వెనక్కి రాదు.

కొనేటప్పుడు జతను చేతిలోకి తీసుకుని బెజ్జాలు చూడాలి. మన దగ్గర తిరిగే మామూలు బండ్ల హ్యాండిల్ గొట్టం బయటి కొలత 22 మిల్లీమీటర్లు. కుడివైపు ఆ గొట్టం మీద తిరిగే ప్లాస్టిక్ ట్యూబు ఉంటుంది కనుక కుడి గ్రిప్పు బెజ్జం కాస్త పెద్దది. ఆ గ్రిప్పును ఎడమవైపు తొడిగితే వదులై తిరుగుతుంది. 1994 నుంచి వస్తున్న స్ప్లెండర్ బండికి ఏ ఊళ్లోనైనా గ్రిప్పులు దొరుకుతాయి. రంగురంగుల లావు గ్రిప్పులకు ఆశపడొద్దు. లావైతే వేళ్లు చుట్టూ సరిగా అందవు, లివరు కూడా దూరమవుతుంది. అలాగని మరీ గట్టివీ మంచివి కావు, బండి అదురంతా చేతికే వస్తుంది. గాలితో నడిచే సుత్తులు పట్టిన రాతి పనివాళ్ల వేళ్లు తెల్లబడి మొద్దుబారడాన్ని డాక్టర్ ఆలిస్ హామిల్టన్ 1918లోనే ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్‌లో పరిశీలించి రాసింది. బండి అదురు అంత తీవ్రమైనది కాదు, కానీ రోజంతా అదిరితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

ఇక పని. హ్యాండిల్ చివర బరువులుంటే వాటి స్క్రూలు విప్పాలి. ఎడమ గ్రిప్పును బ్లేడుతో నిలువునా కోసి తొక్కలా ఒలిచేయొచ్చు, కింద ఉన్నది ఇనుము. కుడివైపు మాత్రం బ్లేడును లోతుగా దించకూడదు. రబ్బరు పైపైన కోసి, వేళ్లతో విడదీస్తూ, మళ్లీ కొంచెం కోస్తూ పోవాలి. ప్లాస్టిక్ ట్యూబుకు గాటు పడిందా, అది కొన్నాళ్లకు అక్కడే చీలుతుంది. పాత గమ్ము, తుప్పు గీకి, శుభ్రమైన గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి.

గ్రిప్పు సులువుగా ఎక్కుతుందని లోపల ఆయిలో గ్రీజో రాసేవాళ్లున్నారు. అది మహా తప్పు. గుంటలో బండి ఎగిరినప్పుడు ఎడమ గ్రిప్పు చేతికే ఊడి వస్తుంది. పెట్రోలు రాసి తొడగడమూ ఉంది. ఆవిరైపోతుంది నిజమే, కానీ బీడీ కాల్చే మనుషుల మధ్య, వేడి ఇంజను పక్కన ఆ పని ఎందుకు? రబ్బరుకు అంటే గమ్ము పలచగా రాస్తే చాలు, తడిగా ఉన్నప్పుడు అదే జారనిస్తుంది. రాసిన వెంటనే ఒక్క ఊపులో మెలితిప్పుతూ ఎక్కించాలి, నడుమ ఆగితే అక్కడే పట్టుకుంటుంది. కుడివైపు గమ్ము ప్లాస్టిక్ ట్యూబు పైన మాత్రమే ఉండాలి. చుక్క లోపలికి కారినా ట్యూబు గొట్టానికి అతుక్కుంటుంది. గ్రిప్పును స్విచ్చుల డబ్బాకు ఆనించేయకుండా ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు వదలాలి.

అన్నిటికంటే ముఖ్యం ఇప్పుడు చెప్పేది. ఇంజను ఆపి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి చెయ్యి వదిలేయ్. టక్కున దానంతటదే మొదటికి రావాలి. హ్యాండిల్ తిన్నగా ఉంచి ఒకసారి, ఎడమకు పూర్తిగా తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి చూడాలి. నెమ్మదిగా వచ్చినా, నడుమ ఆగినా గ్రిప్పు ఎక్కడో ఒరుసుకుంటున్నట్టే. చివర బరువు బిగించాక మళ్లీ చూడాలి, చాలాసార్లు ఒరుసుకునేది అక్కడే. కేబులు లాగే ముందు గ్రిప్పు అంచు దగ్గర 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఖాళీ ఆట ఉండాలి. తర్వాత బండిని న్యూట్రల్‌లో స్టాండు మీదే స్టార్ట్ చేసి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పు. ఇంజను శబ్దం పెరిగితే కేబులు బిగుసుకుందని అర్థం. అప్పుడిక సొంత వైద్యం మానేసి మెకానిక్‌కు చూపించు.

గమ్ము ఆ రాత్రంతా ఆరాలి. పొద్దున్నే అనంతపురంలో పని ఉంటే ఆ ఒక్కరోజుకూ ఆర్టీసీ బస్సెక్కు.

ఇట్లు,
మీ పెద్దనాయన