పాలు పితికే చేతికి తిమ్మిరి: కారణము కనుగొనుడు



రోజూ రెండు పూటల పాలు పితికేవారిలో కొందరికి రాత్రివేళ చేయి తిమ్మిరెక్కి మెలకువ వచ్చును. చేయి విదిలించినచో కొంత నయముగా నుండును. వాతమని తలచి తైలము రాచుకొని ఊరకుండరాదు. మణికట్టులో నరము నొక్కుకొనిపోవుటయే దీనికి కారణము కావచ్చును. వైద్యులు దీనిని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అందురు.

ఎట్లు కలుగును?

మణికట్టులో ఎముకలకును, వాటిపై అడ్డముగా నున్న గట్టి పట్టీకిని నడుమ ఇరుకైన దారి యున్నది. వ్రేళ్ళను ముడుచు 9 స్నాయువులు, మీడియన్ నరము అందుండియే అరచేతిలోనికి పోవును. లోపల వాపు వచ్చినచో చోటు చాలక నరము నలుగును.

గుర్తించుట

బొటనవ్రేలు, చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు, ఉంగరపు వ్రేలిలో సగము తిమ్మిరెక్కును. చిటికెన వ్రేలు బాగుండును. రెండు చేతుల వెనుక భాగములను ఆనించి, వ్రేళ్ళు క్రిందికి ఉండునట్లు మణికట్లను 1 నిమిషము వంచి ఉంచుడు. తిమ్మిరి వచ్చినచో అనుమానము బలపడును. రానంత మాత్రమున వ్యాధి లేదనరాదు. చిటికెన వ్రేలు మొద్దుబారినను, చర్మముపై స్పర్శలేని మచ్చలున్నను కుష్ఠు మొదలగు ఇతర వ్యాధులకై పరీక్ష చేయించవలెను.

కారణములు, చికిత్స

1. పని: గట్టిగా పట్టి, మణికట్టు వంచి, ఒకే పనిని మాటిమాటికి చేయుట, అదురు యంత్రములు పట్టుట. బొటనవ్రేలు మడిచి పితుకుట మానుడు. అది పశువు చన్నులకును హాని. మణికట్టు వంచక నిండు పిడికిలితో పితుకుడు. పశువులు ఎక్కువైనచో ఇంటివారు పని పంచుకొనవలెను.

2. జబ్బులు: మధుమేహము, థైరాయిడ్ లోపము, కీళ్ళవాతము. రక్తపరీక్ష చేయించి మూలవ్యాధికి మందు వాడుడు.

3. గర్భము: కాన్పు తరువాత సాధారణముగా తగ్గును.

4. విరిగిన ఎముక: మణికట్టు విరిగిన పిదప నరము నొక్కుకొనుటను గూర్చి ఆంగ్ల శస్త్రవైద్యుడు జేమ్స్ పాజెట్ 1854లోనే వ్రాసెను. దెబ్బ తగిలి చేయి వాచి, మొద్దుబారుట హెచ్చుచున్నచో ఆలస్యము చేయక అప్పుడే ఆసుపత్రికి పోవలెను.

కారణమును సరిచేయుచు, రాత్రులందు మణికట్టు తిన్నగా నుండునట్లు బద్దపట్టీ కట్టుకొనవలెను. 6 వారములలో గుణము కనబడనిచో వైద్యుని మరల చూడుడు. ఆయన నరముల పరీక్ష చేయించి, సూదిమందు ఇచ్చుటయో, చిన్న శస్త్రచికిత్సతో పట్టీని కోసి నరమునకు చోటు కల్పించుటయో నిర్ణయించును.

హెచ్చరిక

చెంబు చేజారుచున్నను, చొక్కా బొత్తాము పెట్టుకొనలేకున్నను, బొటనవ్రేలి మొదట కండ కరిగినను ఇక జాగు చేయకుడు. ఆ కండ పూర్తిగా పోయిన పిదప శస్త్రచికిత్స చేసినను పూర్వపు బలము రాకపోవచ్చును. ఎద్దు కుంటినచో వెంటనే గిట్ట పరీక్షింతుము గదా! ఇంటిల్లిపాదికి కూడు పెట్టు చేతిని అంతకన్న ముందుగా చూపించుకొనవలెను.