మామిడి: పేరు ఒకటి, పండు ఇంకొకటి



మామిడి శాస్త్రీయ నామం మాంజిఫెరా ఇండికా, కుటుంబం అనకార్డియేసి అని మనమంతా పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. కానీ ఒక గంప ముందు పెట్టి ఇందులో బంగినపల్లి ఏది, కానిది ఏది అని అడిగితే పుస్తకం సాయపడదు. మన హాస్టల్ పిల్లల్లో చాలామంది వేసవి సెలవుల్లో కాయలు కోయడానికి, డబ్బాల్లో సర్దడానికి కూలికి వెళ్తారు. కొందరి ఇళ్లలో తోపుడుబండి మీద పండ్లు అమ్ముతారు. ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లు మామిడి అంట్లు నాటుకుంటున్నారు. కనుక ఎమ్మెస్సీ వృక్షశాస్త్రంలో నేను చదివినదీ, తోటల్లో చూసినదీ కలిపి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. పేరు మారినంత మాత్రాన మోసం కాదు. మన బంగినపల్లినే కొన్నిచోట్ల బేనిషాన్ అంటారు. ఢిల్లీ మార్కెట్‌కు చేరితే అది సఫేదా అవుతుంది. తోతాపురిని కోస్తాలో కలెక్టర్ కాయ అంటారు, బెంగళూరు వైపు బెంగళూరా అంటారు, తమిళులు చిలక ముక్కు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. సువర్ణరేఖకు సుందరి అని ఇంకో పేరు. హిమాయత్, ఇమామ్ పసంద్ ఒకటే. ఇవన్నీ నిజమైన మారుపేర్లు. ఒక రకం పేరు చెప్పి ఇంకో రకాన్ని అంటగట్టడమే మోసం.

ఇక గుర్తులు చూద్దాం. మన రాష్ట్రాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే పేరు బంగినపల్లి కాబట్టి దాన్ని బాగా తెలుసుకోవాలి. ఇది నంద్యాల జిల్లా బనగానపల్లె పేరు మీద వచ్చిన రకం. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. కాయ పెద్దది, కొంచెం ఏటవాలుగా ఉండే కోడిగుడ్డు ఆకారం. కొన దగ్గర ముక్కు స్పష్టంగా కనిపించదు. తొక్క పలచన, నునుపు, దాని మీద చాలా లేత చుక్కలు ఉంటాయి. కోస్తే కండ గట్టిగా, పీచు లేకుండా ముక్కలుగా వస్తుంది. తిన్న తర్వాత టెంకను పారేయకుండా ఒకసారి చూడండి. బంగినపల్లి టెంక పొడవుగా, పలచగా ఉంటుంది, దాని మీద పీచు అక్కడక్కడా మెత్తగా ఉంటుంది. చేతికి దట్టమైన పీచు తగిలితే మీరు తిన్నది బంగినపల్లి కాదు. పై రంగును మార్చవచ్చు గానీ టెంకను ఎవరూ మార్చలేరు.

తోతాపురిని గుర్తించడం చాలా తేలిక. పొడుగు కాయ, కొనకు చిలక ముక్కు. నీలం చిన్న కాయ, దానికీ ముక్కు ఉంటుంది, కానీ పండితే మంచి సువాసన, పైగా సీజన్ చివర్లో వస్తుంది. సువర్ణరేఖ ఉత్తరాంధ్ర రకం, ముందుగా వస్తుంది, భుజాల మీద ఎర్రని జీర ఉంటుంది. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం కోసుకునేవి కావు, పిసికి జుర్రుకునేవి. నూజివీడు వైపు వాళ్లకు వీటి గురించి నేను చెప్పాల్సిన పని లేదు. హిమాయత్ మాత్రం జాగ్రత్తగా కొనాలి. ధర అన్నిటికంటే ఎక్కువ, కాపు తక్కువ, కాబట్టి ఆ పేరుతో వేరే పెద్దకాయలు అమ్మే అవకాశం ఎక్కువ. అసలు హిమాయత్ మాగినా పూర్తిగా పసుపు తిరగదు, పచ్చదనం కొంత మిగిలే ఉంటుంది. నిగనిగలాడే పసుపు కాయను హిమాయత్ అని చూపిస్తే అనుమానించండి.

రకరకాల కాయలను ఒకే పసుపులో చూపించే పని కార్బైడ్ చేస్తుంది. కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే అసిటిలీన్ వాయువు వస్తుంది. అది కాయలో సహజంగా పుట్టే ఇథిలీన్‌లాగా పనిచేసి తొక్క రంగును తిప్పేస్తుంది. లోపల కాయ ముదరకపోయినా పైన పసుపు వచ్చేస్తుంది. కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి కాబట్టి పండ్లు మాగబెట్టడానికి దాన్ని చట్టం నిషేధించింది. బదులుగా ఇథిలీన్ వాయువును గదుల్లో 100 పీపీఎం వరకు వాడటానికి 2016లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతించింది. వేసవిలో కూలికి వెళ్లే తమ్ముళ్లూ, కార్బైడ్ పొట్లాలు కాయల మధ్య పెట్టమంటే మీ చేతులతో ఆ పని చేయకండి. తినేవాడి కంటే ముందు ఆ దుమ్ము పీల్చేది మీరే.

కాయ ముదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక బకెట్ నీళ్లు చాలు. ముదిరిన కాయ మునుగుతుంది, కసరు కాయ తేలుతుంది. ముదిరిన కాయ సాంద్రత నీటికంటే కాస్త ఎక్కువ కావడమే కారణం. మనం ఎనిమిదో తరగతిలో చదివిన సాంద్రత పాఠం ఇక్కడ పనికొచ్చింది! ముదిరిన కాయకు తొడిమ దగ్గర భుజాలు ఉబ్బి తొడిమ కంటే పైకి వస్తాయి, అది కూడా చూడండి.

పండు తప్పుగా కొంటే పోయేది వందో రెండు వందలో. మొక్క తప్పుగా కొంటే పోయేది ఏళ్లు. మా నాన్న 2011లో ఎకరంన్నరలో 60 అంట్లు నాటాడు. ప్రతి మొక్కకూ బంగినపల్లి అని చీటీ కట్టి ఉంది. 2016లో కాపు వచ్చాక చూస్తే 22 చెట్లకు తోతాపురి కాసింది, ఇంకో 5 చెట్లకు పుల్లటి నాటుకాయ. మా వైపు గుజ్జు ఫ్యాక్టరీలు లేవు కనుక తోతాపురికి ధర పలకదు. కలగాపులగంగా ఉన్న తోటను గుత్తకు అడిగేవాడు మొత్తం తోటకే ధర తగ్గించి అడుగుతాడు. నాన్నకు చదువు రాదు కాబట్టి ఇలా జరిగిందని ఊళ్లో కొందరు అన్నారు. అది నిజం కాదు. చదువు వచ్చినవాడు చదివినా ఆ చీటీ మీద బంగినపల్లి అనే ఉంది. నర్సరీవాళ్లు మాత్రం ఆ మొక్కలు మావి కావన్నారు. మా దగ్గర బిల్లు లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో శాస్త్రం చెబుతుంది. మన మామిడి రకాల్లో ఎక్కువ భాగం టెంకలో ఒకే పిండం ఉంటుంది. అది పరపరాగ సంపర్కం వల్ల పుట్టినది, అందువల్ల టెంక నాటితే తల్లి గుణాలు రావు. కాబట్టి నాటు టెంకను మొలిపించి, ఆ మొక్క మీద మనకు కావలసిన రకం కొమ్మను అంటు కడతారు. ఇక్కడ రెండు తప్పులు జరగవచ్చు. కొమ్మలు కోసేటప్పుడే వేరే చెట్టువి కలిసిపోతే మా 22 చెట్లలాగా అవుతుంది. ఆకులు తీసేసిన కొమ్మలు చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండోది, అంటు చనిపోయి కింది నాటు మొక్క చిగురించి పెరగడం. మా 5 చెట్ల కథ ఇదే.

రెండో తప్పును కొనేటప్పుడే పట్టుకోవచ్చు. అంటు కట్టిన చోట గాటు, కాస్త ఉబ్బు కనిపించాలి. ఆకులన్నీ ఆ గాటుకు పైన ఉన్న కొమ్మకే ఉండాలి. గాటు కింద చిగుళ్లు ఉంటే గిల్లేయాలి, నాటేటప్పుడు గాటు మట్టిలో పూడకుండా చూడాలి. మొదటి తప్పును కంటితో పట్టుకోవడం కష్టం. ఆకు నలిపి వాసన చూసి రకం చెప్పే పెద్దవాళ్లు ఉన్నారు, కానీ అరవై మొక్కల డబ్బు ఆ వాసన మీద పెట్టలేం. తల్లిచెట్లు చూపించమని అడగండి. సంగారెడ్డి ఫల పరిశోధన స్థానం, నూజివీడు మామిడి పరిశోధన స్థానం వంటి చోట్ల గానీ, జాతీయ ఉద్యానవన మండలి గుర్తింపు ఉన్న నర్సరీల్లో గానీ అడిగి తీసుకోండి. బిల్లు మీద రకం పేరు, మొక్కల సంఖ్య, తేదీ రాయించండి. విత్తనాలు కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, ఫోరానికి వెళ్లవచ్చని మన తెలుగు రైతుల కేసులోనే 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ కేసుకైనా మొదట అడిగేది బిల్లే.

తప్పు రకం చెట్టును కొట్టేయనక్కరలేదు. దాని తల కోసి, వచ్చిన కొత్త చిగుళ్లలో బలమైనవి నాలుగైదు ఉంచి, అవి పెన్సిలంత లావు అయ్యాక నమ్మకమైన చెట్టు కొమ్మతో అంటు కట్టాలి. వేర్లు పాతవి కాబట్టి కొత్త మొక్క కంటే త్వరగా కాపుకు వస్తుంది. ఇలా మా తోటలో ఇప్పటికి 9 తోతాపురి చెట్లకు తల మార్చాం, రెండింటికి అంటు పట్టలేదు. మళ్లీ కడుతున్నాం. మిగిలిన వాటిని ఒకేసారి కోస్తే ఆ ఏడు ఇంటికి రాబడి ఉండదని, ఏటా మూడు చొప్పున చేద్దామని నాన్న అన్నాడు.