సేతువు కట్టిన అయిదు రోజులు
సేవకులు చదువదగిన ఆరు ఘట్టాలు

దేవాలయంలో ఏ కైంకర్యమూ ఒక్కరి చేతి మీదుగా పూర్తి కాదు. అర్చకస్వామి స్వామివారికి మాల సమర్పించే వేళకు తోటలో పూలు కోసినవారు, మాల కట్టినవారు, తెల్లవారుజామున మండపం కడిగినవారు, వంటశాలలో పొయ్యి వెలిగించినవారు, బారులు తీరిన భక్తులకు మంచినీళ్ళు అందించినవారు అందరూ ఆ సేవలో భాగస్వాములై ఉంటారు. పర్వదినాలలో వేలాదిమంది ఒక్కచోట చేరినప్పుడు ఈ శ్రమ క్రమం తప్పితే ముందుగా బాధపడేది వృద్ధులు, చంకన పసిబిడ్డలున్న తల్లులు. కనుక నాయకత్వం, కలసి పనిచేయడం అనేవి భక్తుల క్షేమానికి సంబంధించిన విషయాలు. ఒక విధంగా ధర్మానికి సంబంధించిన విషయాలు.

సేవకు వచ్చే యువతీయువకులు, తమ గ్రామాల నుండి బృందాలను తీసుకువచ్చే పెద్దలు, నిర్వహణలో పాలుపంచుకొనే దాతలు నన్ను తరచుగా ఒక మాట అడుగుతుంటారు: "నాయకత్వం గురించి ఏ పుస్తకం చదవమంటారు?" ఈ విషయంపై అంగళ్ళలో ఎన్నో పుస్తకాలు దొరుకుతాయి. వాటిని నేను కాదనను. అయితే మన పూజామందిరాలలోనూ, మన బడి పుస్తకాలలోనూ ఉన్న గ్రంథాలలోనే ఈ విద్య ఉన్నది. గ్రంథమంతా పారాయణ చేసిన పుణ్యం వేరు. పనికి పూనుకొనే ముందు ఒక్క ఘట్టం చదివి, దానిని పనిలో పరీక్షించుకొన్నప్పుడు కలిగే ఎరుక వేరు. ఆ దృష్టితో ఆరు ఘట్టాలను ఇక్కడ మనవి చేస్తున్నాను.

1. ఎవరి శక్తి ఎంత: కిష్కింధాకాండ చివరి సర్గలు

సీతాన్వేషణకు సుగ్రీవుడు నాలుగు దిక్కులకూ వానరులను పంపాడు. తూర్పునకు వినతుడు, పడమటికి సుషేణుడు, ఉత్తరానికి శతబలి, దక్షిణానికి అంగదుడు నాయకులు. గడువు ఒక్క మాసం. తక్కిన మూడు బృందాలూ తిరిగి వచ్చాయి. అంగదుని బృందం మాత్రం గడువు దాటి, రిక్త హస్తాలతో సముద్రతీరాన కూర్చుని ప్రాయోపవేశానికి సిద్ధపడింది. సంపాతి వలన సీతమ్మ లంకలో ఉన్నదని తెలిసింది. కాని నడుమ నూరు యోజనాల సముద్రం.

అప్పుడు అంగదుడు ఎవరినీ ఆజ్ఞాపించలేదు. ఎవరు ఎంత దూరం దూకగలరో చెప్పండని అడిగాడు. గజుడు పది యోజనాలన్నాడు. గవాక్షుడు ఇరవై అన్నాడు. అలా ఒక్కొక్కరూ తమ బలాన్ని ఉన్నది ఉన్నట్లు చెప్పుకొన్నారు. జాంబవంతుడు, వయస్సు మీద పడినది కనుక ఇప్పుడు తొంబై యోజనాలే అన్నాడు. పది యోజనాలు అన్నవానిని చూసి నవ్వినవారు అక్కడ లేరు. అంగదుడు నూరు యోజనాలూ దాటగలనని, తిరిగి రావడమే సందేహమని చెప్పాడు. రాజు వెళ్ళరాదు, పంపవలసినవాడే గాని పంపబడవలసినవాడు కాడని జాంబవంతుడు వారించాడు. తరువాత ఆ వృద్ధుని చూపు దూరంగా మౌనంగా కూర్చున్న హనుమంతునిపై పడింది. ఆయన జన్మవృత్తాంతాన్ని, బలాన్ని ఆయనకే వినిపించాడు.

ఈ ఘట్టంలో నాయకుడు అంగదుడు, కార్యం సాధించబోయేవాడు హనుమంతుడు. వారిద్దరినీ కలిపినది మాత్రం తాను దూకలేని వృద్ధుడు. ప్రతి సేవాబృందంలోనూ ఒక మూల మౌనంగా కూర్చున్నవారు ఒకరుంటారు. వారిని గుర్తించి, నలుగురి ఎదుట వారి శక్తిని వారికి చెప్పడం పెద్దల విధి. శరీరంతో సేవ చేయలేని వయస్సులో ఉన్న దాతలకు ఇంతకంటె గొప్ప కైంకర్యం లేదని నా విశ్వాసం.

2. ఏ మాటతో పలకరించాలి: సుందరకాండ

సుందరకాండను సంకల్పసిద్ధికి పారాయణ చేసేవారు ఎందరో ఉన్నారు. వారు 30వ సర్గ వద్ద ఒక్క క్షణం ఆగాలని నా ప్రార్థన. చెట్టుపై ఉన్న హనుమంతుడు సీతమ్మను ఎలా పలకరించాలా అని ఆలోచిస్తాడు. పండితుని వలె సంస్కృతంలో మాట్లాడితే తనను రావణుడనుకొని భయపడుతుందేమోనని శంకించి, సాధారణ మనుష్యుల మాటలోనే పలకాలని నిశ్చయించుకొంటాడు. తనకు వచ్చిన భాషలలో గొప్పది ఏదని ఆయన చూడలేదు. భయంలో ఉన్నవారికి ధైర్యం కలిగించేది ఏదని చూశాడు. దూరం నుండి వచ్చి, గంటల తరబడి నిలబడి, దారి తెలియక అడిగే వృద్ధురాలికి మనం చెప్పే జవాబును ఈ సర్గతో సరిచూసుకోవాలి.

ఇదే కాండ చివర మధువన ఘట్టం ఉన్నది. కార్యం సాధించి వచ్చిన వానరులు అంగదుని అనుమతితో సుగ్రీవుని తేనెతోటలో చొరబడి అల్లరి చేశారు. కావలివాడైన దధిముఖుడు వచ్చి మొరపెట్టుకొన్నాడు. కఠినశాసనుడైన సుగ్రీవుడు కోపించలేదు. సీతమ్మ జాడ తెలియకపోతే వారికి ఇంత సాహసం ఉండదని ఊహించి సంతోషించాడు. క్రమశిక్షణ ఎక్కడ బిగించాలో, ఎక్కడ సడలించాలో తెలిసినవాడే నాయకుడు.

3. పని నేర్పిన పని: యుద్ధకాండలో సేతుబంధనం

యుద్ధకాండలో రెండు ఘట్టాలను వరుసగా చదవాలి. మొదటిది విభీషణ శరణాగతి. శత్రువు తమ్ముడు ఆకాశంలో నిలిచి శరణు కోరినప్పుడు శ్రీరాముడు వెంటనే తన నిర్ణయం చెప్పలేదు. సుగ్రీవుడు, అంగదుడు, శరభుడు, జాంబవంతుడు, మైందుడు, హనుమంతుడు చెప్పిన అభిప్రాయాలను ఓపికగా విన్నాడు. అనంతరం, శరణు కోరినవానికి అభయమివ్వడం తన వ్రతమని ప్రకటించాడు. విభీషణుని తోడ్కొని రమ్మని ఎవరికి చెప్పాడు? అందరికంటె గట్టిగా వద్దన్న సుగ్రీవునికే. భిన్నాభిప్రాయం చెప్పినవానిని పక్కన పెట్టక, నిర్ణయాన్ని అతని చేతనే అమలు చేయించడంలోని సౌజన్యాన్ని గమనించండి.

రెండవది సేతుబంధనం. విశ్వకర్మ కుమారుడైన నలుడు సేతువు కట్టగలడని సముద్రుడు చెప్పేవరకు ఆ సంగతి ఎవరికీ తెలియదు. అడగనిదే తన గుణాలను తాను చెప్పుకోరాదని ఊరకున్నానని నలుడు అన్నాడు. నిర్మాణం మొదలయింది. కొందరు కొండలను, వృక్షాలను పెకలించి తెచ్చారు. కొందరు వరుస తప్పకుండా సూత్రం పట్టారు. కొందరు కొలత కర్రలు పట్టారు. కొండను మోసినవాడు ఎక్కువ, దారం పట్టినవాడు తక్కువ అని వాల్మీకి ఎక్కడా అనలేదు. దారం వదలితే సేతువు వంకరపోతుంది.

మన ప్రాంతంలో ప్రచారంలో ఉన్న వాల్మీకి పాఠంలో ఇక్కడ ఒక లెక్క ఉన్నది. మొదటి రోజు 14 యోజనాలు కట్టారు. రెండవ రోజు 20, మూడవ రోజు 21, నాలుగవ రోజు 22, అయిదవ రోజు 23. మొత్తం నూరు యోజనాలు. చాలామంది పారాయణలో ఈ అంకెలను దాటిపోతారు. నాకు మాత్రం అనుభవ విద్యను గురించిన ఒక అధ్యాయమే ఈ అంకెలలో కనబడుతుంది. ఆ వానరులు అంతకుముందు ఎన్నడూ సేతువు కట్టినవారు కారు. శ్రమ పెరిగిన కొద్దీ అలసట పెరగాలి, పని తగ్గాలి. ఇక్కడ పని పెరిగింది. మొదటి రోజుకూ రెండవ రోజుకూ నడుమ ఆరు యోజనాల వృద్ధి. ఆ తరువాత రోజుకొక యోజనం. మొదటి నాటి తడబాటే మరునాటికి పాఠమైనదని, చేతులు పనిని, పని చేతులను ఎరిగినవని నేను అర్థం చేసుకొంటాను. సేవకు కొత్తగా వచ్చినవారిని మొదటి రోజు పనిని బట్టి తూచరాదు. వారికి రెండవ రోజును ఇవ్వాలి.

ఉడుత సాయం కథ వాల్మీకంలో లేదు. అది మన తెలుగు రంగనాథ రామాయణంలో ఉన్నది. సూత్రం పట్టినవాని పక్కన ఉడుతకు కూడా చోటిచ్చిన కవి హృదయానికి నమస్కరిద్దాం.

4. ముందుగా ఎవరి బంధం తెంచాలి: నీతిచంద్రిక

పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం అందరూ చిన్ననాడు విన్న కథే. నూకలకు ఆశపడి పావురాలు వలలో చిక్కుకొన్నాయి. ఎవరి మాట విని వాలాయో ఆ పావురాన్ని తక్కినవి నిందించసాగాయి. రాజైన చిత్రగ్రీవుడు, ఆపదలో నిందకు కాలం కాదని వారించి, అన్నీ ఒక్కసారిగా ఎగిరితే వల కూడా లేస్తుందని చెప్పాడు. అలాగే ఎగిరి, మిత్రుడైన హిరణ్యకుడనే ఎలుక వద్దకు చేరాయి. హిరణ్యకుడు ముందుగా మిత్రుని బంధం కొరకబోగా, తనను ఆశ్రయించినవారి బంధాలు ముందు తెంచమన్నాడు చిత్రగ్రీవుడు. పిల్లలతో కలసి చదవడానికి ఇంతకంటె తగిన కథ లేదు. వడ్డన ముగిశాక బృందనాయకుడు అందరి తరువాత భోజనానికి కూర్చుంటే, ఈ కథను ఆ రోజు మరల చదవనవసరం లేదు.

5. ప్రశ్నించే నాయకత్వం: అయోధ్యాకాండ 100వ సర్గ

చిత్రకూటానికి వచ్చిన భరతుని శ్రీరాముడు కుశలం అడిగే నెపంతో వరుసగా ప్రశ్నలు వేస్తాడు. ఆలోచన ఒంటరిగా చేయడం లేదు కదా? మరీ ఎక్కువమందితోనూ చేయడం లేదు కదా? వేయిమంది మూర్ఖులకంటె ఒక్క పండితుని కోరుకొంటున్నావు కదా? సైనికులకు భోజనం, వేతనం తగిన సమయంలో ఆలస్యం లేకుండా అందుతున్నాయి కదా? మహాభారత సభాపర్వంలో నారదుడు ధర్మరాజును అడిగే ప్రశ్నలు కూడా ఇటువంటివే. దేవాలయ నిర్వహణలో ఉన్నవారు, దాతలు ఈ ప్రశ్నలను ఏడాదికి ఒక్కసారి అయినా తమకు తాము వేసుకోవాలి. పని చేసేవానికి సమయానికి కూలి అందని చోట ఎంత పెద్ద ఉత్సవం జరిగినా అది లోపమే.

6. ఆలమందతో అరణ్యంలో: ఛాందోగ్యోపనిషత్తు

నాలుగవ అధ్యాయంలో సత్యకామ జాబాలుని కథ ఉన్నది. గౌతమ మహర్షి అతనిని శిష్యునిగా స్వీకరించి, బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించాడు. అవి వేయి అయ్యేవరకు తిరిగి రానని సత్యకాముడు బయలుదేరాడు. ఏళ్ళు గడిచాయి. మంద వేయి అయిన తరువాత ఒక వృషభం, అగ్ని, హంస, మద్గువు అనే నీటిపక్షి అతనికి బ్రహ్మతత్త్వాన్ని ఒక్కొక్క పాదంగా ఉపదేశించాయి. తిరిగి వచ్చిన శిష్యుని ముఖకాంతిని చూసి గురువు ఆశ్చర్యపడ్డాడు. అయినా సత్యకాముడు, ఆచార్యుని వలన తెలిసిన విద్యయే శ్రేష్ఠమని విన్నాను, మీరే ఉపదేశించండని వేడుకొన్నాడు.

అనుభవ విద్యకు రెండు అంచులు ఈ కథలో ఉన్నాయి. పని చేయనిదే విద్య రాదు. పనిలో తెలిసినది పెద్దల ఎదుట ఉంచి సరిచూసుకోనిదే అది స్థిరపడదు.

చదివే విధానం

ఎనిమిది లేక పదిమంది ఒక బృందంగా ఏర్పడండి. సేవ మొదలయ్యే ముందు ఒక్క ఘట్టం, తాత్పర్యంతో, పైకి చదవండి. వాదోపవాదాలు అప్పుడు వద్దు. సేవ ముగిసిన తరువాత పావుగంట కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ రోజు మనం గమనించని శ్రమ ఎవరిది? మన వలన ఏ భక్తుడు నిరీక్షించవలసి వచ్చింది? రేపు మార్చుకోవలసిన ఒక్క విషయం ఏది? జవాబులను ఒక చిన్న పుస్తకంలో వ్రాసి, మరునాడు పనికి ముందు చదువుకోండి. నాయకత్వం రోజుకొకరికి ఇవ్వండి. ఒకనాడు నడిపించినవారు మరునాడు దారం పట్టాలి.

దాతలకు ఒక విన్నపం. సేవకులు బస చేసే చోట తాత్పర్యసహితమైన రామాయణ సంపుటాలు, ఒక నీతిచంద్రిక, ఉపనిషత్తుల తెలుగు అనువాదం ఉండేలా చూడండి. ఆ పుస్తకాల అంచులు చేతులలో నలిగితే మీ దానం ఫలించినట్లే.

నూరు యోజనాల సేతువు పదునాలుగు యోజనాలతో మొదలయింది. మన సేవ కూడా ఈ రోజు చేయగలిగినంతతో మొదలై, రేపు కొంత మెరుగై, స్వామి పాదాలను చేరుగాక!